వెతుకులాటలో కరిగే ఛార్జి



అహోబిలం వెళ్లొచ్చినవాళ్లు తరచుగా చెప్పే ఫిర్యాదు ఒకటుంది. పొద్దున దిగువ అహోబిలంలో ప్రహ్లాదవరదుడి దర్శనం చేసుకుని బయల్దేరేటప్పుడు ఫోనులో నిండుగా ఛార్జి ఉంటుంది. ఎగువ అహోబిలం చేరి, అక్కణ్ణుంచి భవనాశిని వాగు వెంబడి జ్వాలా నరసింహుడి దాకా నడిచి, తిరిగి కిందికి దిగేసరికి బ్యాటరీ బొమ్మ ఎర్రబడి ఉంటుంది. “ఎవరికీ ఫోను చెయ్యలేదు, వీడియో చూడలేదు, జేబులోంచి బయటికి తియ్యనేలేదు. మరి ఛార్జి ఎటు పోయినట్టు?” అంటారు. బ్యాటరీ పాతబడిందని కొందరు సరిపెట్టుకుంటారు. ఫోను చేసిన కంపెనీని తిట్టుకునేవాళ్లు ఇంకొందరు.

బ్యాటరీ తప్పూ కాదు, కంపెనీ తప్పూ కాదు. జేబులో ఉన్నంత మాత్రాన ఫోను ఊరికే కూర్చోదు. అది కొలుస్తూ ఉంటుంది. ఏ టవరు సిగ్నల్ ఎంత బలంగా ఉంది, పక్క టవరుది ఎంత ఉంది, ఇప్పుడున్నదాన్ని వదిలి అటు మారాలా వద్దా అని రోజంతా లెక్కలు వేస్తూనే ఉంటుంది. ఈ కొలతకయ్యే కరెంటు గురించి, దాన్ని తగ్గించడానికి ఇంజనీర్లు పడుతున్న పాట్ల గురించి ఇవాళ మాట్లాడుకుందాం.

మీరు ఈ ప్రసంగాన్ని రేడియో సెట్టులో వింటూ ఉంటే ఒక్కసారి దానివైపు చూడండి. స్టేషను ట్రాన్స్‌మిటర్ మా మాటల్ని చుట్టూ ఉన్న ఊళ్లన్నిటికీ ఒకేలా పంపుతుంది. మీ సెట్టు ఒక ఫ్రీక్వెన్సీ పట్టుకుని వింటుంది, అంతే. అది ఎవరింట్లో ఉందో, ఆన్‌లో ఉందో లేదో మాకు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. సెల్‌ఫోనుతో అలా కుదరదు. మీకు ఫోను వచ్చినప్పుడు దేశంలో కోట్ల మందిలో మిమ్మల్ని వెతికి పట్టుకుని మోగించాలి. అందుకోసం ఫోను ఏదో ఒక టవరు నీడలో ఉండాలి, ఆ నీడ దాటేటప్పుడు ఇంకో నీడలోకి జరగాలి. ఆ జరగడం కోసమే ఈ కొలతలన్నీ.

4జీ దాకా ఈ పని కాస్త సులువుగానే సాగింది. టవరు తనవైపున్న మేరంతటికీ గుర్తింపు సిగ్నల్‌ను వెదజల్లేది, ఫోను దాని బలం చూసుకునేది. 5జీ వచ్చాక పద్ధతి మారింది. టవరు సిగ్నల్‌ను సన్నని పాయలుగా చేసి ఒక్కో దిక్కుకు ఒక్కోటి పంపుతుంది. వీటినే బీమ్‌లు అంటున్నాం. చీకట్లో టార్చిలైటు పట్టుకుని ఒకవైపు నుంచి ఇంకోవైపుకు తిప్పినట్టు, టవరు ఒక బీమ్ తర్వాత ఒక బీమ్ చొప్పున తన మేరంతా తడిమి చూస్తుంది. ఏ బీమ్ నీకు బాగా అందింది అని ఫోనును అడుగుతుంది. ఫోను కొలిచి, ఫలానా నంబరుది బాగుంది అని చెప్పాలి.

ఎన్ని బీమ్‌లు? అది ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్ లోపు అయితే గరిష్ఠంగా 4. మన దేశంలో 5జీకి ఎక్కువగా వాడుతున్న 3.3 గిగాహెర్ట్జ్ బ్యాండులో 8. 2022 వేలంలో అమ్మిన 26 గిగాహెర్ట్జ్ లాంటి పై బ్యాండుల్లో 64 దాకా ఉండొచ్చు. అక్కడ ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ స్థాయిలో తరంగం పొడవు సుమారు సెంటీమీటరే. చెయ్యి అడ్డొచ్చినా సిగ్నల్ పడిపోతుంది. అందుకని ఫోను కూడా తన యాంటెన్నాలను ఒక్కో దిక్కుకు తిప్పుకుంటూ వినాలి. టవరు వైపు 64, ఫోను వైపు కొన్ని. ఏ జత కుదురుతుందో తేలాలంటే కొలతలు వందల్లోకి పోతాయి. ఇంతా చేసి, పక్కన ఇంకెవరో వచ్చి నిలబడితే మళ్లీ మొదటికే. జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో మిల్లీమీటరు తరంగాలతో ప్రయోగాలు చేసి చూపించారు. అవి సామాన్యుడి జేబులోకి రావడానికి నూరేళ్లకు పైగా పట్టిందంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇప్పుడు ఖర్చు సంగతికి వద్దాం. ప్రపంచవ్యాప్తంగా మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ అనే సంస్థ ఫోను విద్యుత్తు వాడకాన్ని పోల్చి చూడ్డానికి ఒక లెక్క తయారుచేసింది. ఫోనులోని రేడియో భాగం గాఢనిద్రలో ఉన్నప్పుడు వాడే శక్తిని 1 అనుకుంటే, తేలిక నిద్రలో అది 20. రెండు పనుల మధ్య రెప్పవాల్చే పొట్టి నిద్రలో 45. బీమ్‌ను కొలిచేటప్పుడు 100. పూర్తి బలంతో టవరుకు సిగ్నల్ పంపేటప్పుడు 700. ఇవి 6 గిగాహెర్ట్జ్ లోపు లెక్కలు. 26 గిగాహెర్ట్జ్ లాంటి బ్యాండులో కొలత ఒక్కటే 175 అవుతుంది.

100 అంకె చూసి పెద్ద విషయం కాదనుకోవచ్చు, కొలత కొన్ని మిల్లీసెకన్లలో అయిపోతుంది కదా అని. నిజమే. చిక్కు కొలతలో కంటే లేవడంలో ఉంది. గాఢనిద్రలోంచి లేచి, మళ్లీ నిద్రలోకి జారుకోవడానికే ఫోనుకు 20 మిల్లీసెకన్లు పడుతుందని, అందుకు సుమారు అర సెకను గాఢనిద్రకు సరిపడా శక్తి ఖర్చవుతుందని ఆ లెక్కే చెబుతుంది. పని చిటికెలో అయ్యేదే, దానికోసం లేచి కూర్చోవడమే భారం. పైగా పక్క టవరు బీమ్‌లు వేరే సమయంలో వస్తుంటే, అవి వచ్చేదాకా ఫోను గాఢనిద్రకు పోలేక, పూర్తిగా మేలుకోలేక తేలిక నిద్రలో కాచుకుని ఉండాలి. ఆ ఎదురుచూపుకు 20 చొప్పున పడుతూనే ఉంటుంది.

మామూలుగా, ఎవరితోనూ మాట్లాడని ఫోను 1.28 సెకన్లకు ఒకసారి లేచి నాకేమైనా పిలుపు ఉందా అని చూసుకుంటుంది. నెట్‌వర్క్‌ను బట్టి ఈ వ్యవధి 0.32 నుంచి 2.56 సెకన్ల దాకా ఉంటుంది. 1.28 సెకన్ల లెక్కన రోజుకు 67,500 సార్లు. ఎలాగూ లేచింది కాబట్టి కొలతల్ని అప్పుడే ముగించుకుంటే మంచిది. పొదుపులో మొదటి సూత్రం ఇదే. టవరు కూడా సాయం చేస్తుంది. పక్క టవర్ల బీమ్‌ల కోసం ఫలానా సమయంలో ఫలానా కొన్ని మిల్లీసెకన్లు చూస్తే చాలు, మిగతాప్పుడు చూడక్కర్లేదని ముందే చెప్పి ఉంచుతుంది.

రెండో సూత్రం నన్నడిగితే అన్నిటికంటే తెలివైనది: అవసరం లేనప్పుడు అసలు కొలవకపోవడం. అవసరం లేదని ఫోనుకు తెలిసేదెలా? 2020లో పూర్తయిన 3జీపీపీ 16వ విడుదల (రిలీజ్) ప్రమాణాల్లో దీనికి రెండు ప్రశ్నలు పెట్టారు. ఒకటి, ఫోను పెద్దగా కదలకుండా ఉందా? రెండు, టవరు మేర అంచున కాకుండా లోపలే ఉందా? రెండింటిలో ఏదో ఒకదానికి అవునని జవాబొస్తే పక్క టవర్ల కొలతల్ని మూడోవంతుకు తగ్గించవచ్చు. రెండింటికీ అవునంటే, ఆ కొలతల్ని గంట దాకా ఆపేయవచ్చు. తనున్న టవరును మాత్రం కొలుస్తూనే ఉండాలి, అది మానకూడదు.

ఈ రెండు ప్రశ్నల్నీ పట్టుకుని అహోబిలం కొండ ఎక్కి చూద్దాం.

దిగువ అహోబిలం ఊళ్లో, సత్రం అరుగుమీద ఫోను పక్కన పెట్టుకుని మీరు కునుకు తీస్తున్నారు. ఊరు మైదానంలో ఉంది, సిగ్నల్ నిలకడగా ఉంది. కదలికా లేదు, అంచూ కాదు. రెండు ప్రశ్నలకూ అవుననే జవాబు. మీతోపాటు ఫోను కూడా నిద్రపోవచ్చు. అక్కణ్ణుంచి లేచి గుళ్లోకి వెళ్లి రాతి మండపంలో ఒక స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. కదలిక ఇప్పుడూ లేదు. కానీ విజయనగరం కాలంనాటి ఆ రాతి కప్పు, ఆ మందపాటి గోడలు సిగ్నల్‌ను చాలావరకు ఆపేస్తాయి. ఫోను లెక్కలో మీరు టవరు అంచుకు చేరిపోయారు. ఊరి నడిబొడ్డునే ఉన్నారని దానికేం తెలుసు? సిగ్నల్ బలం ఎంతో చూస్తుంది, అంతే. ఒక ప్రశ్నకు అవును, రెండోదానికి కాదు. కొలతలు తగ్గుతాయి, ఆగవు.

తర్వాత దాదాపు 8 కిలోమీటర్ల దారి, ఎగువ అహోబిలానికి. బస్సు కొండ మలుపులు తిరుగుతూ పోతుంది. ఒక మలుపులో టవరు ఎదురుగా ఉంటుంది, మరుసటి మలుపులో నల్లమల కొండ ఒకటి అడ్డొచ్చేస్తుంది. ఇక్కడ పొదుపు చేద్దామనుకుంటే కుదరదు. కదులుతున్న ఫోను కొలత మానేస్తే పాత టవరును పట్టుకుని వేలాడుతుంది. అది జారిపోయేదాకా కొత్తదాన్ని చూసుకోదు. ఆ కాసేపట్లోనే ఇంటినుంచి ఎవరైనా ఫోను చేస్తే “అందుబాటులో లేరు” అనే మాట వినిపిస్తుంది. మాట్లాడుతుండగా అయితే మాట మధ్యలోనే తెగిపోతుంది. ఖర్చయినా సరే, ఇలాంటిచోట కొలవాల్సిందే.

ఎగువ అహోబిలం గుడి దాటి, క్రోడ నరసింహుణ్ణి చూసుకుని, భవనాశిని లోయలోకి దిగాక ఇంకో పరిస్థితి మొదలవుతుంది. రెండువైపులా నిలువెత్తు రాతిగోడలు, పైన ఉగ్రస్తంభం అనే కొండ. 700 మెగాహెర్ట్జ్ లాంటి కింది ఫ్రీక్వెన్సీలు కొండ అంచు మీదుగా కొంత వంగి కిందికి వస్తాయి. 3.3 గిగాహెర్ట్జ్‌కు ఆ నేర్పు తక్కువ, 26కు దాదాపు లేదనే చెప్పాలి. టవరు పూర్తిగా పోయిందంటే ఫోనుకు ఇక బీమ్ పోలికలూ లేవు, పొదుపు సూత్రాలూ లేవు. తనకు తెలిసిన బ్యాండులన్నీ ఒక్కొక్కటే గాలిస్తుంది. దొరక్కపోతే కాసేపు ఆగుతుంది, మళ్లీ గాలిస్తుంది. రెండు సిమ్‌లు వేసుకున్నవాళ్లకు ఈ గాలింపు రెండింతలు, ఎందుకంటే ఏ సిమ్‌కు ఆ సిమ్ తన నెట్‌వర్క్‌ను వెతుక్కుంటుంది. లోయలో అప్పుడప్పుడు సన్నగా ఒక సిగ్నల్ తగిలితే ఇంకా నష్టం. నేనిక్కడున్నానని పూర్తి బలంతో అరిచి చెబుతుంది ఫోను. ఇందాకటి 700 అంకె అక్కడే పడుతుంది. చెప్పీ చెప్పకముందే ఆ సిగ్నల్ పోతుంది.

కాబట్టి కొండమీద కరిగిపోయిన ఛార్జిలో సింహభాగం ఈ లోయదే. మీరు చేసిన పనికి కాక, ఫోను చేసిన వ్యర్థ ప్రయత్నానికి అది ఖర్చయిపోయింది. ఎగువ అహోబిలంలో జీపుల దగ్గర, డోలీల దగ్గర ఉండేవాళ్లు ఈ లెక్కలేవీ చదవకపోయినా సారం గ్రహించారు. “అన్నా, ఇంట్లోవాళ్లకు ఏమన్నా చెప్పాలంటే ఈడ్నే చెప్పుకోండి, ఆడికి పోతే టవరు అందదు” అంటారు.

ఇదంతా ఫోను ఊరికే ఉన్నప్పటి మాట. మీరు వీడియోకాల్‌లో ఉంటే బీమ్‌ల పర్యవేక్షణ ఇంకా గట్టిగా ఉంటుంది. వాడుతున్న బీమ్ బలహీనపడిందా అని క్షణక్షణం చూసుకోవాలి. వరసగా కొన్నిసార్లు అది దెబ్బతిన్నట్టు లెక్క తేలితే ఇంకో మంచి బీమ్‌ను వెతికి టవరుకు కబురు పెట్టాలి. 2022 నాటి 17వ విడుదలలో ఈ పర్యవేక్షణకు కూడా సడలింపు ఇచ్చారు. ఫోను నిలకడగా ఉండి సిగ్నల్ బాగుంటే తక్కువసార్లు చూడొచ్చు. సిగ్నల్ దిగజారితే వెంటనే పాత కట్టుదిట్టానికి రావాలి. ఈ సడలింపు చదవడానికి చిన్నదే, కానీ దీనిమీద కంపెనీల ఇంజనీర్ల మధ్య వాదోపవాదాలు తక్కువేం జరగలేదు. చిప్పులు చేసేవాళ్లకు బ్యాటరీ మిగలాలి. నెట్‌వర్క్ నడిపేవాళ్లకు కాల్ తెగకూడదు. ఈ రెండూ ఎప్పుడూ ఒకవైపు లాగవు.

ఆ తర్వాతి ఆలోచన మరీ ఆసక్తికరం. బీమ్‌లన్నిటినీ కొలవడమెందుకు, కొన్నిటిని కొలిచి మిగతావి ఊహిస్తే పోలేదా? 18వ విడుదల సమయంలో కృత్రిమ మేధతో దీన్ని పరిశీలించారు. 64 బీమ్‌లలో కొన్నిటిని మాత్రమే కొలిచి, ఆ నమూనాను బట్టి ఏది మంచిదో అంచనా వేయడం ఒక దారి. ఇప్పటిదాకా వచ్చిన కొలతల్ని బట్టి ఇకముందు ఏ బీమ్ బాగుంటుందో చెప్పడం ఇంకో దారి. నగరంలో, భవనాలు వరుసగా ఉన్న వీధుల్లో ఇది బాగా పనిచెయ్యవచ్చు. భవనాశిని లోయలో ఎలా ఉంటుందంటే నాకు కొంచెం అనుమానమే. యంత్రం తాను నేర్చుకున్న చోటును పోలిన చోటే బాగా ఊహిస్తుంది. నల్లమల రాళ్ల మధ్య దానికి పాఠం చెప్పినవాళ్లు ఎందరుంటారు?

నాకు ఎక్కువ నమ్మకం కలిగించేది మేలుకొలుపు రిసీవర్. ఫోనులో పెద్ద రిసీవర్‌ను నిద్రపుచ్చి, పక్కనే అతి తక్కువ కరెంటుతో నడిచే చిన్న రిసీవర్‌ను కాపలా పెడతారు. మీకు పిలుపు వస్తే అది పెద్దదాన్ని తట్టి లేపుతుంది. పిలుపు లేకపోతే, రోజుకు 67,500 సార్లు లేవడమనే బాధ చాలావరకు తప్పుతుంది. 19వ విడుదలలో దీనికి ప్రమాణాలు రాశారు.

ఈ కథలో మన తెలుగు నేల పాత్ర కూడా ఉంది. సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. అక్కడి ఆచార్యులు కిరణ్ కూచి బృందం పనిచేసింది కొలతమీద కాదు, ఇందాక చెప్పిన 700 అంకె మీద. ఫోను సిగ్నల్ పంపేటప్పుడు అందులో ఎత్తుపల్లాలు ఎక్కువుంటే ఆంప్లిఫయర్ తన సత్తా అంతా చూపలేదు, కొంత వెనక్కి తగ్గి నడవాల్సి ఉంటుంది. ఎత్తుపల్లాల్ని చదునుచేసే ఒక తరంగ రూపాన్ని వాళ్లు ముందుకు తెచ్చారు. అదే ఆంప్లిఫయర్‌తో ఇంకా దూరంగా వినిపించవచ్చు. ఆ పద్ధతి అంతర్జాతీయ 5జీ ప్రమాణాల్లోకి చేరింది. టవర్లు దూరదూరంగా ఉండే ఊళ్లకు ఇది ముఖ్యం. మన దేశంవాళ్లు అంతర్జాతీయ టెలికం సంఘంలో పట్టుబట్టి సాధించిన ఇంకో విషయం ఉంది. పల్లెల్లో 5జీని పరీక్షించేటప్పుడు టవర్ల మధ్య దూరం 1.7 కిలోమీటర్లు మాత్రమే అనుకుంటే చాలదు, 6 కిలోమీటర్లు అనుకుని కూడా పరీక్షించాలి అన్నారు. ఆ షరతు ఒప్పుకున్నారు. దాని పేరే ‘తక్కువ కదలిక, పెద్ద సెల్’; సెల్ అంటే ఒక టవరు మేర. మన పల్లెల సంగతి తెలిసినవాళ్లు తప్ప ఇంకెవరూ అడగని షరతు అది.

ఇక మీ చేతిలో ఉన్న పనులు చెబుతాను. ఎగువ అహోబిలం దాటి లోయలోకి దిగేముందు ఇంటికి ఒక మాట చెప్పి, ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. కెమెరా పనిచేస్తుంది. చాలా ఫోన్లలో జీపీఎస్ కూడా పనిచేస్తుంది, ఎందుకంటే అది ఉపగ్రహాల మాట వినడమే తప్ప తిరిగి జవాబు చెప్పదు. దారి మ్యాపును ముందే దింపుకుని పెట్టుకోండి. రెండు సిమ్‌లుంటే, కొండమీద అందని సిమ్‌ను సెట్టింగ్స్‌లో ఆపేయండి. 5జీ వస్తూ పోతూ ఉన్నచోట 4జీకి మార్చుకోవడం మేలు. ఆపద వస్తే ఏరోప్లేన్ మోడ్ తీసేసి, కాస్త ఎత్తైన చోటికి చేరి 112కు ఫోను చెయ్యండి. మీ కంపెనీ సిగ్నల్ లేకపోయినా అక్కడ ఏ కంపెనీ టవరు అందినా ఆ కాల్ వెళ్తుంది. బృందంగా పోయేవాళ్లు ఒక ఫోనును పూర్తిగా ఆపి దాచుకోండి.

చివరగా నెట్‌వర్క్ ఇంజనీర్లకు ఒక విన్నపం. ఈ ప్రసంగం మీలో ఒక్కరి చెవిన పడినా చాలు. ఫోను కదలడం లేదని తేల్చే గీత ఎక్కడ ఉండాలో ప్రమాణం ఒకటే అంకె చెప్పలేదు. సిగ్నల్ మార్పు 3, 6, 9, 12, 15 డెసిబెల్స్‌లో ఏదైనా పెట్టుకోవచ్చు. ఎంతసేపు గమనించాలో 5 సెకన్ల నుంచి 300 సెకన్ల దాకా మీ ఇష్టం. 3 పెడితే మండపంలో నలుగురు అటూ ఇటూ నడిచినా ఫోనుకు నిద్ర ఉండదు. 15 పెడితే కొండదారి పట్టిన యాత్రికుణ్ణి కూడా కూర్చున్నవాడిగానే లెక్కేస్తుంది. మైదానంలో కుదిరిన అంకెను కొండకు కూడా అలాగే అంటించకండి. ఫాల్గుణ మాసపు బ్రహ్మోత్సవాలకు జనం రాకముందే మీ కొలత పరికరం పట్టుకుని దిగువ నుంచి ఎగువకు, ఎగువ నుంచి లోయ అంచు దాకా నడిచి చూసి, ఆ తర్వాత ఆ అంకెలు పెట్టండి.